చీకటి పడినప్పుడు చెప్పండి

మా పక్కమెట్ల దగ్గర ఉన్నది ఒక్క లైటు. దానికి ఒక్క సెన్సరు. ఈ రెండూ కలిసి నెల రోజులుగా నా తల తినేశాయి. ఇల్లు కట్టినప్పుడు కూడా మా ఇంట్లో ఇంత రాద్ధాంతం జరగలేదు.

మొదలు మాత్రం మా ఆయన పడడంతోనే. మేం మేడమీద ఉంటాం, కింద వాటాలో మా అత్తయ్య ఉంటుంది. మేడమీదికి మెట్లు ఇంటి బయట, పక్కసందులోంచి. మా ఆయన ఒక ఫ్యాక్టరీ బస్సు నడుపుతారు. రాత్రి షిఫ్టు వాళ్ళను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఫ్యాక్టరీలో దింపడం, తెల్లారాక షిఫ్టు దిగినవాళ్ళను మళ్ళీ ఇళ్ళకు చేర్చడం ఆయన పని. సాయంత్రం పొద్దుగూకే వేళ బయలుదేరతారు. ఆ రోజూ అలాగే బయలుదేరి, కింద ఇంకో మెట్టు ఉందన్న సంగతి కాలికి తెలియక బోర్లా పడ్డారు. మడమ వాచి గుమ్మడికాయంత అయింది. మంచానికి అతుక్కుపోయారు.

బస్సు సూపర్‌వైజరు చూడడానికి వచ్చాడు. పరామర్శ బాగానే చేశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నాతో చల్లగా అన్నాడు.

"ఈసారికి ఎలాగో సర్దానమ్మా. మళ్ళీ పడి సెలవు పెడితే మాత్రం బస్సు ఇంకొకరికి ఇచ్చెయ్యాల్సి వస్తుంది. బస్సు కోసం నా చుట్టూ తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు."

నేను ఇంట్లో బట్టలు కుడతాను. నా మిషనుతో ఇల్లు గడవదని నాకూ తెలుసు, మా ఆయనకూ తెలుసు, ఆ సూపర్‌వైజరుకూ తెలుసు. కాబట్టి ఈయన మళ్ళీ పడకూడదు. ఆ రోజునుంచి నాకున్న ఒకే ఒక్క దిగులు అది.

పడడానికి కారణం చీకటని మా ఆయన తీర్పు చెప్పేశారు. నిజమే, ఉన్న లైటుకు స్విచ్చి మెట్ల కింద ఉంది. అంటే లైటు వెయ్యాలంటే ముందు చీకట్లో మెట్లు దిగాలి. ఆ స్విచ్చి పెట్టినవాడి బుర్రకు దండం పెట్టాలి.

అత్తయ్యకు మాత్రం కారణం వేరే కనబడింది.

"మీ మామయ్య ఏనాడైనా ఇలా పడ్డారా? పొద్దుగూకిందంటే గడప దాటేవారు కాదు. చుట్టాలింటికి వెళ్ళినా వెలుతురుండగానే నన్ను లాక్కొచ్చేసేవారు. సినిమా అంటే మధ్యాహ్నం ఆటే. అంత పద్ధతైన మనిషి! వీడికి ఆ పద్ధతి ఎక్కడ అబ్బింది?"

"బస్సు డ్రైవరు పొద్దుగూకితే ఇంట్లో కూర్చుంటే ఎలా అత్తయ్యా?"

"నేనేం అన్నాను? పద్ధతి గురించి చెప్పాను."

మామయ్య పోయి చాలా కాలమైంది. ఆయన పద్ధతి మాత్రం రోజూ మా ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది.

సరే, మా ఆయన కాలు కాస్త నేలమీద ఆనగానే ఇద్దరం కరెంటు సామాన్ల షాపుకు వెళ్ళాం. షాపతను బల్లమీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి చీకటి పడగానే వెలిగి తెల్లారేదాకా ఉండేది. ఇంకోటి మనిషి కదిలితే వెలిగి, కాసేపటికి దానంతటదే ఆరిపోయేది. దిగేవాళ్ళు దిగిపోయాక మెట్లకు తెల్లవార్లూ వెలుతురెందుకు, కదిలితే వెలిగేదే తీసుకుందామని నేనన్నాను. నేనన్నాను కాబట్టి మా ఆయన మొదటిది తీసుకున్నారు.

"దీన్ని బల్బు వెలుతురు పడని చోట పెట్టాలి సార్," అని షాపతను చెప్పబోయాడు.

"నాకు తెలుసులేవయ్యా," అన్నారు మా ఆయన. ఈ మాట వినబడిందంటే నా పని పెరిగిందని అర్థం.

తెచ్చి సరిగ్గా బల్బు పక్కనే, తెల్లగోడకు బిగించారు. చీకటి పడింది, లైటు వెలిగింది. ఆ వెలుతురు గోడమీద పడి తిరిగి సెన్సరు కంట్లోనే పడింది. ఇంకేం, తెల్లారిపోయిందనుకుని అది లైటు ఆర్పేసింది. ఆర్పగానే మళ్ళీ చీకటి. మళ్ళీ వెలిగింది. మళ్ళీ తెల్లారింది. మా సందులో ఒక్క సాయంత్రంలో బోలెడన్ని రోజులు గడిచిపోయాయి.

ఎదురింటి టీచరమ్మ వరండాలోంచి కేకేసింది.

"ఏమ్మా, మీ లైటు అదేపనిగా మా ఇంటివైపు కన్ను కొడుతోంది. కాస్త బుద్ధి చెప్పండి!"

నాకు తల కొట్టేసినట్టయింది. బల్బుకు దూరంగా జరపమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మా ఆయన వినకుండా దాన్ని పీకి, షాపతని మొహాన పడేసి, కదిలితే వెలిగేది తెచ్చారు. అందులో చీకటి చూసే కన్ను కూడా ఉందట. పగలు మనిషి కదిలినా వెలగదు, చీకటి పడ్డాక కదిలితేనే వెలుగుతుంది. దాని పొట్టకింద చిన్న మూత, ఆ మూత తీస్తే మూడు మరలు. ఒకటి ఎంతసేపు వెలగాలో చెప్పేది, ఒకటి ఎంత దూరంనుంచి మనిషిని పసిగట్టాలో చెప్పేది, మూడోది ఎంత చీకటి పడితే వెలగాలో చెప్పేది. మూడోదానికి ఒక పక్క సూర్యుడి బొమ్మ, ఇంకో పక్క చంద్రుడి బొమ్మ. సూర్యుడి వైపు తిప్పితే వెలుతురుండగానే వెలుగుతుంది, చంద్రుడి వైపైతే బాగా చీకటి పడ్డాకే.

ఈసారి మెట్ల కింద స్తంభానికి, వీధివైపు మొహం పెట్టి బిగించారు. వీధిలో స్కూటరు పోతే వెలిగింది. కుక్క పోతే వెలిగింది. తీగమీద ఆరేసిన దుప్పటి గాలికి ఊగినా వెలిగింది. మా ఆయన మెట్లు దిగితే మాత్రం దానికి వీపే కనబడింది కాబట్టి వెలగలేదు. ఇలా లాభం లేదని దాన్ని మెట్లవైపు తిప్పారు. అప్పుడు ఇంకో తమాషా. పైనుంచి దాని మొహంలోకే సూటిగా నడిచివస్తున్న మనిషిని అది ఆఖరి మెట్టుదాకా పట్టించుకోలేదు.

చివరికి నేనే షాపతనికి ఫోన్ చేశాను. పాపం, అతను విసుక్కోకుండా చెప్పాడు. ఎదురుగా అడ్డంగా దాటేవాళ్ళను అది చటుక్కున పసిగడుతుందట, సూటిగా వచ్చేవాళ్ళు దానికి ఆలస్యంగా తెలుస్తారట. అందుకని పక్కగోడకు పెట్టాలి. వీధి కనబడే వైపు దాని కంటికి నల్లటేపు వెయ్యాలి. నేను నిచ్చెనెక్కి పక్కగోడకు మార్చి, చిరిగిన గుడ్డకు మాసిక వేసినట్టు దాని కంటికి టేపు ముక్క అతికించాను. చీకటి పడ్డాక అత్తయ్య గొణుక్కుంటూనే పరీక్షకు అయిదారుసార్లు మెట్లెక్కి దిగింది. ఎక్కినా వెలిగింది, దిగినా వెలిగింది. స్కూటర్లకు వెలగలేదు, దుప్పటికి వెలగలేదు. అమ్మయ్య, పీడ విరగడైందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం, కాలు నయమై మళ్ళీ డ్యూటీకి బయలుదేరుతూ మా ఆయన మెట్లమీద నిలబడి అరిచారు.

"వెలగలేదే!"

"ఇంకా చీకటి పడలేదండీ. పడితే వెలుగుతుంది."

"ఇది చీకటి కాకపోతే ఇంకేమిటి?"

మిషను వదిలేసి వచ్చి చూశాను. సందంతా వెలుతురే. ఆయన రెండు చేతులతో పిట్టగోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతున్నారు. ఒకసారి పడ్డ మనిషి కదా, భయం పోలేదనుకున్నాను. ఆ మర్నాడూ అదే అరుపు. ఆ పై రోజూ అదే. రోజూ సరిగ్గా నేను కుట్టు ముగించే హడావుడిలో ఉండగా, "వెలగలేదే!" ఆ మాట వింటే నా అరికాలి మంట నెత్తికెక్కేది.

నాకు సాయంత్రం అంటే ఒకటే గుర్తు. కిటికీ దగ్గర కూర్చుని నల్లగుడ్డమీద నల్లదారం కనబడినంతసేపు పగలే. కనబడడం మానేస్తే చీకటి పడినట్టు, మిషనుకు మూత పెట్టేస్తాను. నేను ఇంకా నల్లకుట్టు కుడుతూ ఉండగానే ఈయన గదిలోకి వచ్చి లైటు వేసేవారు. నేను లేచి ఆర్పేదాన్ని. ఆయన మళ్ళీ వేసేవారు. దారిలో ఉన్న స్టూలు తన్నుకుని, స్టూలును తిట్టి, దాన్ని అక్కడ పెట్టినందుకు నన్ను తిట్టేవారు. బద్ధకమూ, దుబారా, చిరాకూ అన్నీ వయసుతోపాటు ముదురుతున్నాయనుకున్నాను. ఆ మాట మొహాన అన్నాను కూడా.

ఇంతలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం బట్టలారేయడానికి దిగితే లైటు భళ్ళున వెలిగి నాకు స్వాగతం చెప్పింది. నిచ్చెన వేసి చూస్తే మూడో మర పూర్తిగా సూర్యుడి వైపు తిరిగి ఉంది.

"నేనే తిప్పాను. ఏం?" అన్నారు మా ఆయన.

"ఎండలో లైటు వెలిగితే నలుగురూ నవ్వరా?"

"నవ్వితే నవ్వుతారు. మెట్లు దిగేది నేను. పడేది నేను."

నేను చంద్రుడి వైపు తిప్పాను. ఆయన సూర్యుడి వైపు తిప్పారు. నేను మళ్ళీ తిప్పాను. కాపరానికి వచ్చిన కొత్తలో కూడా మేం ఇంత పంతానికి పోలేదు. టీచరమ్మ, "మీ ఇంట్లో ఇవాళ పగలా రాత్రా?" అని అడగడం మొదలుపెట్టింది. అత్తయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. "మీ మామయ్య ఉంటే ఈ లైటే అక్కర్లేకపోయేది," అంటూ చెవినిల్లు కట్టుకుని పోరింది.

విసిగిపోయి మళ్ళీ షాపతనికే ఫోన్ చేశాను. నా గొంతు వినగానే అతను నిట్టూర్చాడు.

"అమ్మా, అది మీరూ సారూ గొడవపడి తేల్చుకునేది కాదు. మరను ముందు పూర్తిగా చంద్రుడి వైపు తిప్పెయ్యండి. మెట్లు దిగే మనిషిని పక్కన నిలబెట్టుకోండి. 'ఇప్పుడు లైటు కావాలి' అని ఆయన అనగానే, మెల్లగా సూర్యుడి వైపు తిప్పుతూ రండి. ఎక్కడ లైటు వెలిగితే అక్కడ ఆపెయ్యండి. ఇక దాన్ని ముట్టుకోకండి. దణ్ణం పెడతాను."

ఆ సాయంత్రమే దాని సంగతి తేల్చెయ్యాలనుకున్నాను. ఎవరిదో నల్లప్యాంటు అంచు కుడుతూ సగంలో వదిలేసి కిందికి దిగాను. మా ఆయన డ్యూటీ బట్టలేసుకుని తయారుగా ఉన్నారు. బస్సు వీధి చివర నిలబెట్టి ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది.

"ఎంతోసేపు పట్టదు. నిచ్చెన పట్టుకుని నిలబడండి. చీకటి పడినప్పుడు చెప్పండి."

"వెటకారమా?"

"వెటకారం కాదు మహాప్రభో. మీకు ఎప్పుడు చీకటైతే అప్పుడే వెలిగేట్టు పెట్టేస్తాను. ఆ తర్వాత నా ప్రాణం తియ్యకుండా ఉంటే చాలు."

నిచ్చెనెక్కి, మూత తీసి, మర చంద్రుడి వైపు తిప్పేశాను. లైటు కదలికకే వెలుగుతుంది కాబట్టి చేతులు ఊపుతూ ఉండమన్నాడు షాపతను. నేను పిచ్చిదానిలా చెయ్యి ఊపుకుంటూ ఆకాశం చూస్తూ నిలబడ్డాను. సూర్యుడు ఇళ్ళ వెనక్కి దిగాడు. ఇంకా చాలాసేపు నిలబడాలని, ఈలోగా కాళ్ళు లాగేస్తాయని మనసులో తిట్టుకుంటున్నాను.

"ఇప్పుడు," అన్నారు మా ఆయన.

"ఇప్పుడేమిటి?"

"చీకటి పడింది. తిప్పు."

"సరసాలకు ఇది టైము కాదు."

"సరసమేమిటే? ఇంతకంటే చీకటేముంటుంది? తిప్పు, నాకు డ్యూటీకి టైమవుతోంది."

ఎదురుగా వరండాలో టీచరమ్మ లైటు వేసుకోకుండానే పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్రసిరాతో ఆమె కొట్టేసిన గీత కూడా నాకు ఇక్కడినుంచి కనబడుతోంది. మా గోడమీద చీమల బారు కనబడుతోంది. ఈ మనిషి కావాలనే నన్ను ఏడిపిస్తున్నారని ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో చేతిలోని తెల్లమూత జారి కింద పడింది.

"ఆ మూత కాస్త అందుకోండి."

ఆయన వంగారు. మూత బూడిదరంగు సిమెంటు నేలమీద, ఆయన కుడిబూటును ఆనుకుని పడి ఉంది. తెల్లగా, రూపాయి బిళ్ళలా కనబడుతోంది. ఆయన చెయ్యి దాని పక్కనుంచి పోయింది. వెనక్కి వచ్చింది. నేల తుడుస్తున్నట్టు అరచేయి అటూ ఇటూ తిప్పుతున్నారు.

"ఎక్కడే?"

"మీ బూటు పక్కనే."

"ఏ బూటు?"

నవ్వబోయాను. కానీ ఆ వెతికే చేతిలో వేళాకోళం లేదు. నిచ్చెన దిగి ఆయన ఎదురుగా నిలబడ్డాను. నా కళ్ళలో నీళ్ళు అప్పటికే తిరిగాయి.

"నా మొహం చూడండి. ఎలా ఉన్నాను?"

ఆయన నా వైపు తిరిగారు. చూపు నా చెవి పక్కగా పోయింది.

"కోపంగా ఉన్నావు," అన్నారు.

నా విషయంలో అది చూడకుండా కూడా చెప్పొచ్చు. నా చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి. అడుగు దూరంలో ఉన్న ఆ మనిషికి అవి కనబడలేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

ఆయన నిచ్చెన ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"పగలు బ్రహ్మాండంగా కనబడుతుందే. పొద్దుగూకేసరికే ఇలా... నిద్ర చాలకనుకున్నాను. బస్సులో ఫరవాలేదు. లైట్లుంటాయి కదా. ముందుపోయే బండి వెనక ఎర్రలైటు పట్టుకుని పోతాను. మలుపులన్నీ చేతులకే తెలుసు. ఈ మెట్ల దగ్గరే, ఇక్కడొక్క లైటు సరిగ్గా ఉంటే నెట్టుకొచ్చేస్తాననుకున్నాను."

నాకు దుఃఖంకంటే ముందు కోపమే వచ్చింది.

"నల్లబట్టలేసుకుని రోడ్డు దాటేవాడి వెనక ఎర్రలైటు ఉంటుందా?"

ఆయన తల వంచుకున్నారు.

"మొన్న ఒకతను అడ్డమొచ్చాడు. ముందు సీట్లో ఉన్నావిడ కెవ్వున అరిచింది. అరిచింది కాబట్టి బ్రేకు వేశాను."

ఈ నెల రోజులూ ఈయన పడకూడదు, పడకూడదు అని ఒకటే జపం చేశాను. మెట్టుకు లైటు, లైటుకు కన్ను, కన్నుకు టేపు. ఈయనతోపాటు బస్సు నిండా జనం ఉంటారని ఒక్కనాడూ నా బుర్రకు తట్టలేదు.

"తాళంచెవి ఇవ్వండి."

"బస్సు పోతే ఏం తింటామే?"

"తాళంచెవి ఇవ్వండి."

మా గొంతులు విని అత్తయ్య బయటికి వచ్చింది. సంగతి చెప్పాను. ఆమె కొడుకు మొహంలోకి చూసి అలవాటు ప్రకారం మొదలుపెట్టింది.

"అందుకే మీ నాన్న పొద్దుగూకితే గడప..."

అక్కడే ఆగిపోయింది. నోరు అలాగే తెరుచుకుని ఉంది. మెల్లగా వచ్చి కింది మెట్టుమీద కూర్చుంది.

"మధ్యాహ్నం ఆటకే తీసుకెళ్ళేవారు," అంది. ఈసారి ఆ మాటలో గొప్ప లేదు. "పొద్దుగూకాక పెరట్లోకి వెళ్ళాలన్నా నా భుజంమీద చెయ్యి వేసేవారు. నేనంటే ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఒక్కసారి... ఒక్కసారైనా నాతో చెప్పలేదే ఆయన!"

ఇన్నేళ్ళూ ఆమె నా నెత్తిన మోదిన పద్ధతి ఇది. అయినా ఆ క్షణంలో ఆమెను ఒక్క మాట అనబుద్ధి కాలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన జేబులోంచి తాళంచెవి తీసి నావైపు చాపారు. నేనే ముందుకు జరిగి అందుకున్నాను.

తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

"సార్, ఇవాళ బస్సు తియ్యలేను... కాదు సార్, పడలేదు. కాలు బాగానే ఉంది... కళ్ళు సార్. పొద్దుగూకితే కనబడడం లేదు... అవును సార్, ముందే చెప్పాల్సింది... రేపటికి కూడా ఎవరినైనా చూసుకోండి."

అవతల సూపర్‌వైజరు కేకలేయడం మాకు వినబడింది. కాసేపటికి ఆ గొంతు తగ్గింది. ఫోన్ పెట్టేసి మా ఆయన నిచ్చెనకు ఆనుకున్నారు.

"రేపు కంటి డాక్టరుకు చూపించుకోమన్నాడు. బస్సు మాత్రం ఇవాళే ఇంకొకడికి ఇచ్చేస్తాడట."

ఏదో ఒకటి చెయ్యకపోతే అక్కడే కూలబడిపోతాననిపించి మళ్ళీ నిచ్చెనెక్కాను. మరను సూర్యుడి వైపు మెల్లగా తిప్పుతూ వచ్చాను. ఇంకా వెలుతురు ఉంది కాబట్టి చాలా దూరం తిప్పాల్సి వచ్చింది. దాదాపు చివరిదాకా వెళ్ళాక లైటు వెలిగింది. అక్కడే ఆపేశాను.

ఎదురింటి వరండాలోంచి టీచరమ్మ తలెత్తింది.

"మళ్ళీ మొదలెట్టారా! ఇంత వెలుతురు పెట్టుకుని లైటెందుకమ్మా?"

మామూలుగా అయితే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"మా ఇంట్లో చీకటి పడిందండీ," అన్నాను.

ఆవిడకు ఏం అర్థమైందో తెలియదు. నా గొంతు విని మాత్రం ఇంకేం అనకుండా పేపర్లు దగ్గరికి తీసుకుంది. కింద మా ఆయన వంగారు. ఈసారి చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. బూటు పక్కనున్న మూత తీసి, దుమ్ము దులిపి, పైకి అందించారు.